తగరం మాటు

మా బావ ఆవిరి బండికి దొంగచాటుగా తగరం మాటు వేసింది నేనే. ముందే ఒప్పేసుకుంటున్నాను. ఈ ముక్క చెప్పాల్సిన రోజున చెప్పాల్సిన మనిషికి చెప్పి ఉంటే ఇవాళ మీ ముందు ఇంత సుత్తి కొట్టే పని ఉండేది కాదు.

నాది రేడియేటర్లు బాగుచేసే దుకాణం. కార్లవీ, లారీలవీ, జనరేటర్లవీ వస్తాయి. చిల్లు ఎక్కడుందో వెతకడం, గీకడం, తగరం కరిగించి మాటు వెయ్యడం. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే నా బతుకు. చిల్లు కంటపడితే నా చెయ్యి ఊరుకోదు. మా అక్క వంటింట్లో నా మాటు పడని గిన్నె లేదు. అందుకే అక్క నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేసింది, 'మాట్లోడా' అంటుంది.

మా బావ నాకు పూర్తిగా ఎదురు మనిషి. ముప్పై ఐదేళ్ళు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేశాడు. ఒక మర బిగించాలంటే మూడుసార్లు కొలిచి, నాలుగోసారి అనుమానపడి, ఐదోసారి బిగించే రకం. నేను వేసిన మాటు చూసినప్పుడల్లా 'కారట్లేదు కదా, సరేలే' అనేవాడు. అంతకంటే పెద్ద తిట్టు ఆయన దగ్గర లేదు. రిటైరైన నెలలోనే ఇంటి వెనక రేకుల గదిలో లేతు మిషన్ బిగించుకుని ఆవిరి బండి మొదలుపెట్టాడు.

పూర్వం పొలాల్లో, రోడ్ల మీద పెద్ద పెద్ద బరువులు లాగిన ఆవిరి బండ్లు ఉండేవి. ముందు పొగగొట్టం, వెనక మనిషెత్తు ఇనప చక్రాలు, పక్కన గిర్రున తిరిగే గుండ్రటి భారీ చక్రం. సరిగ్గా దానికి ఆరో వంతు కొలతల్లో బావ బండి. నిలబెడితే నా మోకాలు దాటుతుంది. దాన్ని ఎవరైనా బొమ్మ అంటే బావకి ఒళ్ళు మండేది. బొగ్గు వేస్తే నిజంగా మండాలి, నీళ్ళు నిజంగా మరగాలి, వెనక బల్ల కట్టుకుని కూర్చుంటే ఇద్దరు మనుషుల్ని నిజంగా లాగాలి. ఇందులో బొమ్మ ఏముందని అడిగేవాడు. చక్రాలు, పళ్ళ గేర్లు, పిస్టన్, అన్నీ అరిగిన ఇనప ముక్కల నుంచి తనే చెక్కుకున్నాడు. గదిలోకి పోతే అన్నానికి పిలిచినా పలికేవాడు కాదు. పెళ్ళైన కొత్తలో లేని సవతి అరవయ్యేళ్ళకి వచ్చిందనీ, అదీ నల్లటిదీ, నిప్పులు కక్కేదీ అనీ అక్క వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

నాలుగో ఏడు బావ చేతులు వణకడం మొదలైంది. మొదట కాఫీ కప్పు దగ్గర, తర్వాత సంతకం దగ్గర. ఇది తగ్గే వణుకు కాదనీ, నెమ్మదిగా పెరిగేదేననీ డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. అప్పటికి బండి అంతా అయింది, బాయిలర్ ఒక్కటే మిగిలింది. అదే అన్నిటికంటే కష్టమైన పని గనక బావ దాన్ని చివరికి అట్టిపెట్టుకున్నాడు. మా అక్క భాషలో చెప్పాలంటే తీరా పెళ్ళి వేళకి పెళ్ళికొడుక్కి జ్వరం వచ్చింది.

బాయిలర్ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. అది రాగి రేకుతో చేసిన రెండు పెట్టెలు, ఒకదానిలో ఒకటి. లోపలి పెట్టెలో నిప్పు, రెంటి మధ్యా నీళ్ళు. ఆవిరి ఒత్తిడికి గోడలు ఉబ్బిపోకుండా లోపలి గోడనీ బయటి గోడనీ కలిపి పట్టుకోవడానికి అడ్డంగా రాగి కడ్డీలు ఉంటాయి. మా బావ బండికి అవి ముప్పై ఆరు. ప్రతి కడ్డీ కొస దగ్గరా గోడకి వెండి మాటు వెయ్యాలి. వెండి కలిసిన ఆ లోహం రాగి ఎర్రగా కాలితేగానీ కరగదు. ఇంత మంట ఎక్కువైతే రాగే కుంగిపోతుంది, ఇంత తక్కువైతే మాటు పైపైనే నిలుస్తుంది. చెయ్యి నిలకడగా ఉండాలి. తగరం అలా కాదు, చిన్న మంటకే వెన్నలా కరిగి కూర్చుంటుంది. కాకపోతే ఒక్క చిక్కుంది. ఒకసారి తగరం తగిలిన రాగికి ఇక జన్మలో వెండి మాటు పట్టదు. ఎంత గీకినా తగరం లోపలికి దిగి ఉంటుంది. ఇది మాట్లు వేసేవాళ్ళందరికీ తెలుసు. నాకు మరీ బాగా తెలుసు.

మాట్లు వేసిన రోజు బావ గది తలుపు లోపల గడియ పెట్టుకున్నాడు. పొద్దున వెళ్ళినవాడు పొద్దు వాలాక చొక్కా పిండుకునేలా బయటికొచ్చాడు. ఎలా వచ్చిందని అడిగితే, రేపు నీళ్ళే చెబుతాయన్నాడు.

మర్నాడు నీళ్ళ పరీక్ష. బాయిలర్ నిండా చన్నీళ్ళు నింపి, చేతి పంపుతో రెండు వందల పౌన్ల ఒత్తిడి ఎక్కించి, ఎక్కడైనా చుక్క కారుతుందేమో చూడాలి. బండి నడిచేది వంద పౌన్ల దగ్గరే, పరీక్ష మాత్రం దానికి రెట్టింపు. బావ పంపు కొడుతూ ఒత్తిడి చూపే ముల్లు చూస్తున్నాడు. నేను లైటు పట్టుకుని వెనక గోడ చూస్తున్నాను. అంటే బండి నడిపేవాడి మొహానికి ఎదురుగా, బొగ్గు వేసే నిప్పు తలుపు ఉండే వైపు. ముల్లు రెండు వందలు తాకింది. బావ పంపు పిడి వదల్లేదు. ఆ పిడి మీద ఆయన చేతులు ఎలా వణుకుతున్నాయో నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

"చుక్క ఏమైనా ఉందేమో చూడరా," అన్నాడు.

ఉంది. నిప్పు తలుపు పక్కన, మూడో వరసలో చివరి కడ్డీ అంచున ఒక నీటి బొట్టు మెల్లగా ఉబ్బి, జారి, దాని వెనకే ఇంకోటి మొదలైంది. నేను బావ మొహం వైపు చూశాను. పరీక్ష ఫలితం కోసం గోడకి అంటించిన కాగితం ముందు నిలబడ్డ పిల్లాడి మొహం అది. నా నోరు నన్ను అడక్కుండానే 'లేదు బావా' అనేసింది. బొటనవేలితో ఆ బొట్టు తుడిచేశాను.

బావ పంపు వదిలేసి గోడకి చేరగిలబడ్డాడు. కాసేపటికి తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుని, వీటిలో ఇంకా పని ఉందిరా అన్నాడు. ఆ సాయంత్రం అక్క పిలిస్తే మొదటిసారి ఒక్క కేకకే అన్నానికొచ్చాడు. తర్వాతి వారం డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మందు సంగతి మర్చిపోయి బాయిలర్ సంగతే చెప్పాడట.

వాళ్ళిద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్ళిన ఆ పూటే నేను నా సరంజామా పట్టుకుని గదిలోకి దూరాను. కడ్డీ చుట్టూ గీకాను, మంట చూపించాను, తగరం పాకించాను, ఆకురాయితో నున్నగా చేశాను. వెండి మాటూ తెల్లగానే ఉంటుంది, తగరం మాటూ తెల్లగానే ఉంటుంది. పావుగంట పని. అప్పటికి నాకు భయం లేదు, పైపెచ్చు గర్వంగా ఉంది. నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయి, మూత బిగించిన రేడియేటర్లో ఇంకో ఇరవై ఎక్కువ. నా తగరం కరగాలంటే నూట ఎనభై దాటాలి. ఇంకేం కావాలి? నా జన్మలో చూసిన నీళ్ళన్నీ రేడియేటర్లో నీళ్ళే. వడ్రంగికి లోకమంతా కొయ్యలాగే కనపడుతుందంటారు, నాకు లోకమంతా రేడియేటర్.

తర్వాత ఇలాంటి బుల్లి ఆవిరి బండ్లు చేసేవాళ్ళ సంఘం నుంచి తనిఖీ ఆయన వచ్చాడు. మళ్ళీ రెండు వందల పౌన్ల చన్నీళ్ళు. ఒక్క చుక్క రాలేదు. చన్నీళ్ళకి తగరం మాటు ఎందుకు కదులుతుంది? ఆయన భూతద్దం జేబులో పెట్టుకుని, ఈ వయసులో ఇంత చక్కటి పనా అని బావ చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ చెయ్యి వణుకుతోందని కూడా గమనించినట్టు లేదు. నేను పక్కనే నిలబడి గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాను.

బాయిలర్ బండిలో కూర్చోబెట్టి, గొట్టాలు కలిపి, రంగులేసేసరికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో బావ చేతులు బాగా దిగజారాయి. చొక్కా గుండీలు అక్కే పెట్టేది. మర ఒకటి గాడిలో పెట్టడానికి బావ అరగంట తంటాలు పడితే, నేను చేస్తానని ముందుకెళ్ళి తిట్లు తిన్నాను. ఇక ఈ చేతులతో ఇంకో బండి అయ్యేది కాదని అందరికీ తెలుసు. చేసిందల్లా ఈ ఒక్కటే.

మొదటిసారి నిప్పు పెట్టింది ఒక ఆదివారం పొద్దున. గదిలో మేం ముగ్గురమే. తనిఖీ ఆయన ఆవిరి పరీక్షకి వారం తర్వాత వస్తాడు, ఈలోపు ఇంట్లోవాళ్ళ ముందు ఒకసారి ఆవిరి లేపి చూసుకోవాలని బావ ఆశ. అక్క తలుపు దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, సవతిని సాగనంపే రోజు వచ్చిందని వేళాకోళం చేస్తోంది. బావ బండి వెనక నేల మీద చతికిలబడి, నిప్పు తలుపు తీసి చెంచాడు చెంచాడుగా బొగ్గు వేస్తున్నాడు. తలుపుకీ ఆయన మొహానికీ మధ్య జానెడు దూరం. సగం చెంచా లోపల, సగం కింద. నేను కింద పడిన ముక్కలు ఏరుతున్నాను.

ముల్లు ఇరవై చూపించింది. బండిలోంచి సన్నగా గురక లాంటి చప్పుడు మొదలైంది. నలభై. పొగగొట్టం చుట్టూ గాలి వణుకుతోంది. బావ మొహంలో అంత వెలుగు నేను వాళ్ళ పెళ్ళిలో కూడా చూడలేదు.

నీళ్ళు మరిగిపోయాయిగా, ఇంకా ఎందుకు కట్టెలూ బొగ్గులూ తగలేస్తారని అక్క అడిగింది. అక్క అడిగింది వేళాకోళానికే. బావ మాత్రం పాఠం చెప్పేవాడిలా వెనక్కి తిరిగాడు.

"మూకుట్లో నీళ్ళయితే నూటి దగ్గరే ఆగుతాయి. బంధించిన నీళ్ళు ఆగవు. ఒత్తిడి పెరిగే కొద్దీ వేడీ పెరుగుతుంది. వంద పౌన్ల దగ్గర నూట డెబ్బై డిగ్రీలు."

నా చేతిలో బొగ్గు ముక్క అలాగే ఉండిపోయింది.

నూట డెబ్బై. నా తగరం నూట ఎనభై మూడుకి మెత్తబడటం మొదలుపెడుతుంది. కానీ అది కరిగే దాకా ఎవడు ఆగమన్నాడు? దానికి అంత దూరంలో ఉండగానే పస తగ్గిపోతుంది, గట్టిగా గోటితో నొక్కినా గాటు పడేంత. దుకాణంలో ఎన్నోసార్లు చూశాను. పైగా ఆ కడ్డీ నిప్పు తలుపు పక్కనే ఉంది, అక్కడ వేడి ఇంకో పదో ఇరవయ్యో ఎక్కువే ఉండొచ్చు. దాని వెనక అసలు వెండి మాటు ఎంతవరకు పట్టిందో నాకు తెలియదు. కాస్త పట్టిందో, అసలు పట్టలేదో, ఆ కడ్డీ మొత్తం నా తగరం మీదే వేలాడుతోందో. చూడకుండా కప్పేసినవాణ్ణి నేనే. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

ముల్లు యాభై ఐదు.

అప్పుడే చెప్పాలి. చెప్పలేకపోయాను. చెబితే ఏమవుతుందో లెక్క నాకు క్షణంలో తేలిపోయింది. తగరం తగిలిన బాయిలర్ ఇక బాయిలర్ కాదు, రాగి తుక్కు. ఇంకోటి చెయ్యడానికి బావకి చేతుల్లేవు. అంతకంటే పెద్దది ఇంకోటుంది. ఆ రోజు పరీక్షలో ఒక్క చుక్క కారలేదన్న మాట మీదే ఆయన ఇన్నాళ్ళూ నడుస్తున్నాడు. అది నేను ఆడిన అబద్ధమని ఆయన మొహం మీద ఎలా చెప్పను?

పిరికివాడు చేసే పనే చేశాను. ఇవాళ్టికి చాలు బావా, టీ తాగుదాం అన్నాను. బావ నవ్వి, నువ్వు తాగు అన్నాడు. ముల్లు అరవై ఐదు. పొగ ఎక్కువైందేమో అన్నాను. లేదన్నాడు. అక్క నా వైపు అదోలా చూసింది. నా చెమటలు చూసి, వేడికి తట్టుకోలేకపోతే బయట కూర్చోమంది. ముల్లు డెబ్బై. ఇంకో ముప్పై పౌన్లు ఎక్కితే భద్రత కోసం పెట్టిన కవాటం తనంతట తనే తెరుచుకుని ఆవిరి వదిలేస్తుంది, అప్పటిదాకా మాటు నిలబడితే చాలని మనసులో దండం పెట్టుకున్నాను. నిలబడకపోతే? బావ నిప్పు ఎలా మండుతోందో చూడటానికి ఇంకాస్త ముందుకి వంగాడు. మూడో వరస చివరి కడ్డీ సరిగ్గా ఆయన గడ్డం ఎత్తులో ఉంది.

"బావా, మంట తీసెయ్," అన్నాను.

"ఏమైందిరా?"

"ఆ కడ్డీ ఆ రోజు కారింది. నేను కారలేదని చెప్పాను. మీరిద్దరూ లేనప్పుడు వచ్చి మాటు వేశాను. తగరంతో."

బావ నన్ను చూడలేదు. బాయిలర్ వైపే చూశాడు. ఏ కడ్డీ అని అడిగాడు, వేలితో చూపించాను. ఆయన తన మొహం వెనక్కి తీసుకుని, అక్కని గోడ అవతలికి పొమ్మన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఫ్యాక్టరీలో ఏదైనా మిషన్ దగ్గర మనిషి చెయ్యి ఇరుక్కున్నప్పుడు అలాగే మాట్లాడేవాడని ఆయనతో పనిచేసినవాళ్ళు చెప్పేవారు. అక్క ఎందుకని అడగకుండా లేచి వెళ్ళింది.

నిప్పు అడుగున ఇనప జల్లెడ ఉంటుంది, బొగ్గు దాని మీదే మండుతుంది. దాన్ని పట్టి ఉంచే మేకు లాగేస్తే నిప్పంతా కింద పళ్ళెంలోకి పడిపోతుంది. ఆ మేకు చివర వేలికి పట్టేంత రింగు, అదీ నిప్పు తలుపు కిందే. బావ వంగి చెయ్యి పెట్టాడు. వేలు రింగులోకి దూరలేదు. మళ్ళీ పెట్టాడు. వేలు రింగు చుట్టూ తిరుగుతోంది గానీ లోపలికి పోవట్లేదు. ముల్లు డెబ్బై ఎనిమిది. అప్పుడు వినపడింది, ఎవరో పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చినట్టు సన్నటి చప్పుడు. కడ్డీ అంచు దగ్గర ఏమీ కనపడట్లేదు. అసలైన ఆవిరి కనపడదు, జానెడు దూరం పోయాకే తెల్లగా మారుతుంది. ఆ తెలుపు బావ చెవి పక్కగా పోతోంది.

బావని భుజం పట్టి పక్కకి తోసేశాను. ఆయన మీద చెయ్యి వెయ్యడం నా జన్మలో అదే మొదటిసారి. నేల మీద పొట్టమీద పడుకుని చెయ్యి లోపలికి పెట్టాను. మోచేతి మీద ఎవరో సలసల కాగే నూనె గుమ్మరించినట్టయింది. వేలు రింగులోకి పోయింది. లాగాను, రాలేదు. వేడికి బిగుసుకుంది. రెండోసారి లాగాను. బండి అవతల చప్పుడైతే తల తిప్పి చూశాను. బావ బండికి బిగించిన చేతి పంపు పట్టుకుని బాయిలర్లోకి చన్నీళ్ళు కొడుతున్నాడు, వేడి దించడానికి. వణికే రెండు చేతుల్నీ ఒకదాని మీద ఒకటి వేసి, ఒళ్ళంతటి బరువుతో కొడుతున్నాడు.

"మెలితిప్పి లాగు," అన్నాడు.

మెలితిప్పి లాగాను. మేకు ఊడొచ్చింది. ఎర్రటి నిప్పు ధబ్బున పళ్ళెంలో పడింది. ఆ పళ్ళెం కాలితో గుమ్మం దాకా నెట్టేసి, వెల్లకిలా పడ్డాను. చప్పుడు ఇంకా వస్తోంది. డెబ్బై. అరవై. బావ పంపు ఆపలేదు. నలభై. ముప్పైకి చప్పుడు నీరసపడింది. ఆ తర్వాత కడ్డీ అంచు నుంచి మామూలు నీళ్ళు బొట్లు బొట్లుగా కారాయి. మొదటి రోజు నేను తుడిచేసిన బొట్టు లాంటివే, ఒకదాని వెనక ఒకటి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. నాకు కాలింది చెయ్యే, పట్టుకున్నది మాత్రం కొళాయి. అక్క నా చెయ్యి నీళ్ళ కింద పెట్టి గట్టిగా పట్టుకుంది. నేను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. మనిషి నా మోచేతి మీద పొంగుతున్న బొబ్బల్నే చూస్తోంది. కట్టు కట్టాక ఒక్కటే అంది, ఆయన మొహం అక్కడుండేది కదరా అని.

బండి చల్లారేదాకా బావ దాని ముందు నుంచి కదల్లేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం దాటింది. రేకులు ఎండకి టపటపమంటున్నాయి. కారిందని ఎందుకు చెప్పలేదని బావ అడిగాడు. నీ మొహం చూసి చెప్పలేకపోయాను బావా, అన్నాను. ఉన్నమాట అదే. ఆయన తల ఊపాడు. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని బిగించాడు, అవి ఊగకుండా.

"ఆ రోజు చెప్పి ఉంటే ఆ సాయంత్రమే మళ్ళీ కాల్చి వెండి మాటు వేసేవాణ్ణి. ఆ రోజుకి ఇవి నా మాట వినేవిరా."

నేను లేచి, కట్టు లేని చేత్తో పళ్ళెంలో చల్లారిన బొగ్గు ఏరడం మొదలుపెట్టాను.

రెండు రోజుల తర్వాత రంపం తెచ్చి ఆ గోడ కోయమన్నాడు. కోశాను. కడ్డీ ఉన్న ముక్కని కిటికీ వెలుతురులో పెట్టి భూతద్దంతో ఇద్దరం చూశాం. నేను భయపడ్డట్టు ఏమీ లేదు. ఆయన వేసిన వెండి మాటు కడ్డీ చుట్టూ లోతుగా, సాఫీగా దిగింది. ఒక్క చోట, ఒకే ఒక్క చోట, ఆవగింజంత సందు మిగిలిపోయింది. కోసిన సందులోంచి లైటు వేసి చూస్తే మిగతా ముప్పై అయిదూ అద్దంలా ఉన్నాయి. వణికే చేతులతో ముప్పై అయిదు. ఇది ఆయన పనితనం. నేను దాన్ని చూసి చెయ్యి వణికిందని జాలిపడ్డాను.

"రెండు నిమిషాల పని," అన్నాడు బావ. ఆ ముక్కని బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత గది తలుపు తెరవలేదు. నాతో మాట్లాడకుండా లేడు, అదే ఎక్కువ బాధ. చెయ్యి తగ్గిందా అనేవాడు, దుకాణం ఎలా ఉందనేవాడు. చుట్టంతో మాట్లాడినట్టు. పదకొండో రోజున అక్క నా దుకాణానికొచ్చింది. ఆయన పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని తన చేతులకేసి చూసుకుంటున్నాడనీ, సవతి ఉన్నప్పుడే ఇల్లు ఇల్లులా ఉండేదనీ చెప్పి కళ్ళు తుడుచుకుంది. తర్వాత మామూలు గొంతుతో, చెడగొట్టినవాడివి నువ్వే, ఇక నీ ఇష్టం అనేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే రాగి రేకు చుట్ట భుజాన వేసుకుని వెళ్ళాను. నువ్వు చెప్పు, నేను చేస్తానన్నాను. బావ రేకు అంచు వేళ్ళతో తడిమి మందం చూశాడు. నీ చెయ్యి తొందర చెయ్యి అన్నాడు. అవునన్నాను. నీకు వెండి మాటు రాదన్నాడు. రాదన్నాను. ఇంక ఒప్పుకోడానికి నా దగ్గర లోపాలు మిగల్లేదు. చివరికి లేచి, తాళంచెవి కోసం జేబు తడుముకున్నాడు.

ఎనిమిది నెలలు పట్టింది. ఎన్ని రాగి ముక్కలు తగలేశానో లెక్క లేదు. మంట దగ్గరగా పెడుతున్నానని తిట్టాడు, దూరంగా పెడుతున్నానని తిట్టాడు, రాగి ఎరుపు చూడకుండా మాటు వైపు చూస్తున్నానని తిట్టాడు. ఇరవై ఎనిమిదేళ్ళు మాట్లు వేసినవాణ్ణి, ఓనమాలు దిద్దే పిల్లాడిలా దెబ్బలు తినడమొక్కటే తక్కువ. ఒక్కోసారి కోపం తన్నుకొచ్చేది. మంట ఆపేసి బయటికెళ్ళి, వీధి చివరి దాకా నడిచి, మళ్ళీ వచ్చేవాణ్ణి. కడ్డీల మాట్లు వేసిన రోజు ఆయన నా పక్కనే కూర్చుని ఇప్పుడు, ఇప్పుడు, ఆపు, అని ముప్పై ఆరుసార్లు చెప్పాడు.

నీళ్ళ పరీక్ష రోజు పంపు బావ కొట్టాడు. ఆ పని ఎవరికీ ఇవ్వనన్నాడు. లైటు నేనే పట్టుకున్నాను. అక్క తలుపు దగ్గర నిలబడింది. ముల్లు వంద దాటింది. నూట యాభై. పక్క గోడలు పొడిగా ఉన్నాయి. వెనక గోడ పొడిగా ఉంది. రెండు వందలు. బావ పిడి మీద ఒరిగి, కళ్ళు చికిలించి ముల్లునే చూస్తున్నాడు. ఆయన వగర్పు నాకు వినపడుతోంది. నేను వంగి, అడుగు వైపు లైటు వేశాను.

అక్కడ, నీడలో, ఒక కడ్డీ అంచున చిన్న నీటి బొట్టు మెరిసింది. ఆయనకి కనపడే చోటు కాదు. అక్కకీ కనపడదు. ఎనిమిది నెలలు. నా వేలు దానంతట అదే దాని వైపు కదిలింది, ఆపేశాను.

"కారింది బావా," అన్నాను. "అడుగు వరసలో, కుడి నుంచి రెండోది."

బావ పంపు వదిలి, మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి, నా పక్కన నేలకి చెంప ఆనించి చూశాడు. తర్వాత నా భుజం పట్టుకుని పైకి లేస్తూ, నీళ్ళు తీసెయ్, గీకి శుభ్రం చేసి పెట్టు, సాయంత్రం మళ్ళీ కాలుద్దాం అన్నాడు.